విమానం నడపాలంటే ఎన్ని ఎకరాలు?

మచిలీపట్నం: ఇంటర్ పాసైన పిల్లవాడు ఇంజనీరింగుకు పోతానంటే తండ్రికి ఖర్చు లెక్క తెలుసు. టీచరు పోస్టుకు చదువుతానంటే అవనిగడ్డలో కోచింగు, గది అద్దె, మెస్సు కలిపి ఎంతవుతుందో కూడా తెలుసు. విమానం నడపడం నేర్చుకుంటానంటే మాత్రం ఏ లెక్కా అందదు. పైలట్ శిక్షణ ప్రకటనలు ఇప్పుడు సెల్‌ఫోను ద్వారా పల్లెల్లోకి వస్తున్నాయి. పొలం బేరం పెట్టే ముందు ఈ చదువు సంగతేమిటో విచారించడం అవసరం.

సామాన్యుల బిడ్డ జెట్ విమానం నడపగలదా అన్న ప్రశ్నకు జవాబు మనకు దగ్గరలోనే వుంది. సైన్యంలో పనిచేసి వచ్చిన ఒక జవాను కుమార్తె ఆనీ దివ్య విజయవాడలో చదువుకున్నారు. 17వ ఏట ఉత్తరప్రదేశ్‌లోని రాయబరేలీ దగ్గర ఫుర్సత్‌గంజ్‌లో వున్న ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీలో చేరారు. ఇంగ్లీషు సరిగా రాక మొదట్లో అవస్థపడ్డానని ఆమే చెప్పుకున్నారు. 19వ ఏట ఎయిరిండియా ఉద్యోగం, 30వ ఏట బోయింగ్ 777 కమాండరు హోదా దక్కాయి. ఆ విమానానికి ప్రపంచంలో అతి పిన్న వయస్కురాలైన మహిళా కమాండరని 2017లో పత్రికలు రాశాయి. కాబట్టి తెలివి, పట్టుదల మన పిల్లలకు కొరత కాదు. కొరత వేరే వుంది.

1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమ పెద్దలకు ఆకాశంలో చప్పుడంటే ఆహార పొట్లాలు జారవిడిచిన హెలికాప్టర్లు గుర్తొస్తాయి. వారి మనుమలకు గుర్తొచ్చేది గన్నవరంలో దిగే ఎయిర్‌బస్. ఆ విమానాశ్రయం పెంచడానికి బుద్ధవరం, అజ్జంపూడి, కేసరపల్లి రైతులు పొలాలిచ్చారు. పొలమిచ్చిన వూళ్ళ పిల్లలు ఆ విమానం ముందు సీటులో కూర్చోవాలని కోరుకోవడంలో తప్పేమీ లేదు.

నేర్చుకునే తీరు ఇదీ. ఇంటర్‌లో ఫిజిక్సు, లెక్కలు వుండాలన్నది చాలాకాలంగా వున్న నియమం. మొదట సెస్నా వంటి చిన్న విమానంలో పక్కన ఇన్‌స్ట్రక్టరుతో ఎగురుతారు. కొన్నాళ్ళకు అతడు దిగిపోయి ఒంటరిగా పంపుతాడు. ఇలా మొత్తం 200 గంటలు ఎగిరి, అందులో 100 గంటలు తానే బాధ్యుడిగా నడిపి, వాతావరణం, దారి లెక్కలు, నిబంధనలు, రేడియో మాటలకు వేర్వేరు పరీక్షలు నెగ్గితే కమర్షియల్ లైసెన్సు వస్తుంది. సరదాకి ఎగిరే ప్రైవేటు లైసెన్సుకు 40 గంటలు చాలు గాని దానితో కూలి పుచ్చుకుని ఎవరినీ ఎక్కించరాదు.

కమర్షియల్ లైసెన్సు వచ్చినంత మాత్రాన జెట్ చేతికివ్వరు. సెస్నా బరువు సుమారు టన్ను. ఎయిర్‌బస్ 320 నిండుగా లేస్తే 78 టన్నుల దాకా వుంటుంది, అంటే లోడుతో వున్న పదిచక్రాల లారీలు దాదాపు మూడు. అది గంటకు 250 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతుంది. దానికి ‘టైప్ రేటింగ్’ అని వేరే శిక్షణ వుంది. సిమ్యులేటర్ అనే కదిలే యంత్రపు గదిలో ఇంజను ఆగిపోయినట్టు, మంట లేచినట్టు కల్పించి చేయిస్తారు. తరువాత, సాధారణంగా, ప్రయాణికులు లేని ఖాళీ విమానాన్ని లేపి దింపిస్తారు. ఆపైన సీనియర్ కెప్టెన్ పక్కన కో-పైలట్‌గా కూర్చోబెడతారు.

కంప్యూటరులో విమానం ఆట ఆడే కుర్రవాళ్ళు మీటర్లు చదవగలరు, అది మంచిదే. 2022 మేలో అమెరికాలోని ఫ్లోరిడాలో పైలట్ స్పృహ తప్పగా, ఎన్నడూ విమానం నడపని ప్రయాణికుడొకరు రేడియోలో చెప్పినట్టు చేసి క్షేమంగా దించాడు. అయితే అది ఒక్క ఇంజను చిన్న విమానం, పెద్ద జెట్ కాదు.

ఇక డబ్బు. లైసెన్సుకే అరకోటి దాకా, ఒక్కొక్కచోట అంతకు పైన అవుతుంది. టైప్ రేటింగ్‌కు మరికొన్ని లక్షలు కావాలి. విమాన సంస్థల క్యాడెట్ పథకాలైతే కోటి దాకా వెళ్తాయి. ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి సాధారణంగా బ్యాంకు తాకట్టు అడుగుతుంది. మన డెల్టాలో చేను దున్నేది ఎక్కువగా కౌలుదారే, తాకట్టుకు అతని పేర సెంటు వుండదు. చెప్పిన గడువులో చదువు పూర్తికావడమూ అరుదే. ఉత్తరాదిన శీతాకాలం మంచు కమ్మితే విమానం లేవదు. విమానాలు, ఇన్‌స్ట్రక్టర్లు చాలకపోతే వంతు రాదు. హాస్టలు ఖర్చు మాత్రం ఆగదు.

కొలువుల మాట చూద్దాం. 2023లో ఎయిరిండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డరిచ్చాయి. 2025 డిసెంబరులో పైలట్ల విశ్రాంతికి కొత్త నిబంధనలు రాగా ఇండిగో సర్వీసులు వేల సంఖ్యలో రద్దయ్యాయి. దీన్ని చూపి “పైలట్లకు కరువుంది, చేరండి” అంటున్నారు. తిరకాసు ఇక్కడే వుంది. ప్రతి విమానానికీ అనుభవం గల కెప్టెన్ కావాలి. కెప్టెన్‌కు అవసరమైన పెద్ద లైసెన్సుకు 1500 గంటలుండాలి. 200 గంటల పిల్లవాడు కో-పైలట్ సీటు కోసం తనలాంటివారి వరుసలో నిలబడాలి. లైసెన్సు వుండీ ఏళ్ళ తరబడి ఖాళీగా వున్నవారు దేశంలో వున్నారు. వాయిదా మాత్రం బ్యాంకు అడుగుతూనే వుంటుంది.

దొంగదారి చూపే ఏజెంట్లూ లేకపోలేదు. 2011లో నకిలీ మార్కుల జాబితాలతో లైసెన్సు పొందిన పైలట్లను అరెస్టు చేశారు. ఎగరని గంటలు ఎగిరినట్టు పుస్తకంలో రాసిన సంగతీ అప్పుడే బయటపడింది. పౌర విమానయాన డైరెక్టరేట్ 2025 అక్టోబరు నుంచి శిక్షణ సంస్థలకు గ్రేడులివ్వడం మొదలుపెట్టింది. తొలి జాబితాలో అగ్రశ్రేణి ఒక్క సంస్థకూ దక్కలేదు.

అందుచేత పిల్లవాడు పట్టుబడితే తండ్రి మొదట చేయవలసింది ఫీజు కట్టడం కాదు, డైరెక్టరేట్ గుర్తించిన డాక్టరు చేత వైద్య పరీక్ష చేయించడం. కళ్ళద్దాలున్నా ఫర్వాలేదు, అద్దాలతో చూపు సరిగా వుంటే చాలు. రంగులు గుర్తించలేని కన్నయితే లక్షలు పోసినా లాభం లేదు. ఆ తరువాత థియరీ పరీక్షలు; ఇంట్లో చదివీ రాయవచ్చు, ఖర్చు తక్కువ. ఈ రెండూ నెగ్గాక సంస్థకు స్వయంగా వెళ్ళి, ఎన్ని విమానాలు ఎగిరే స్థితిలో వున్నాయో, నిరుడు చేరినవారికి ఇప్పటికి ఎన్ని గంటలు పూర్తయ్యాయో అక్కడి పిల్లలనే అడగాలి. ఆఫీసులో అడిగితే బ్రోచరు ఇస్తారు.