పంది చెవికి పడే మోత వేరు, మన చెవికి పడే మోత వేరు

మొక్కజొన్న కంకి పాలు పట్టిందంటే అడవి పక్క ఊళ్లలో రైతుకు కంటిమీద కునుకుండదు. కామారెడ్డి, నిర్మల్, వికారాబాద్... ఏ వైపు పోయినా ఇదే గోడు. ఒక్క రాత్రి మంద దిగిందంటే తిన్నది కొంత, తొక్కి పాడుచేసింది అంతకు రెండింతలు. డబ్బాల మోత అయింది, టపాకాయలయ్యాయి, కార్బైడ్ తుపాకులూ అయ్యాయి. మొదట్లో పరుగెత్తిన పందులే వారం తిరక్కుండా ఆ మోతలోనే నింపాదిగా మేస్తున్నాయి. చప్పుడైనా తనకేం కాలేదని పంది గుర్తు పెట్టుకుంటుంది. తెలివిలో అది కుక్కకు తీసిపోదు మరి.

ఇక చివరి దారి తుపాకీ. అదీ ఎవరు పడితే వారు పేల్చడానికి లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అడవి పంది రక్షిత జంతువే. 2022 సవరణతో రెండో షెడ్యూలులోకి చేరింది. నిలిచిన పంటకు నష్టం చేస్తుంటే 11వ సెక్షన్ కింద అటవీ అధికారులు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. ఆ కాగితం ఉంటేనే లైసెన్సున్న షూటర్లు చేలో దిగాలి.

షూటర్లు వస్తున్నారనగానే రచ్చబండ దగ్గర రెండు మాటలు పుడతాయి. రైఫిల్ మూతికి బ్రేక్ బిగిస్తే ఆ మోతకే పందులు మళ్లీ ఈ దిక్కు రావని ఒకటి. సైలెన్సర్ పెడితే ఒకటి పడినా మిగతావాటికి తెలియదు, మందనంతా లేపెయ్యొచ్చని ఇంకొకటి. రెండూ నమ్మదగ్గవి కావు.

రైఫిల్ పేలితే వినపడేది ఒక చప్పుడు కాదు, రెండు. గొట్టం మూతి నుంచి వేడి వాయువు ఒక్కసారిగా బయటపడితే వచ్చే 'ధన్' మనే మోత ఒకటి. తూటా గాలిని చీల్చుకు పోతూ చేసే 'ఫట్' మనే చప్పుడు రెండోది. వేట రైఫిల్ తూటా సెకనుకు 800 మీటర్ల పైచిలుకు పోతుంది. ధ్వని వేగం సుమారు 345 మీటర్లే. అంటే 100 మీటర్ల దూరంలో ఉన్న పందిని తూటా సెకనులో ఎనిమిదో వంతుకే చేరుతుంది. గొట్టం మోత అక్కడికి చేరేసరికి సెకనులో మూడో వంతు దగ్గర పడుతుంది. పక్కనున్న పందికి ముందు వినిపించేది తూటా చీల్పు. అది తుపాకీ ఉన్న చోటు నుంచి వచ్చినట్టుండదు. తూటా పోయిన దారిలో తన పక్కనెక్కడో పుట్టినట్టుంటుంది. వెనక వచ్చే 'ధన్' మోతే మనిషి ఎక్కడున్నాడో చెబుతుంది.

సైలెన్సర్ తగ్గించేది ఈ రెండో మోతనే. అదీ 20 నుంచి 30 డెసిబెళ్ల వరకు. తూటా చీల్పును అది ఏమీ చెయ్యలేదు. సినిమాల్లో చూపించే 'తుస్సు' మనే చప్పుడు వేట రైఫిల్లో ఉండదు. ఫిన్లాండ్, నార్వేల్లో వేటగాళ్లు దాన్ని వాడతారు, ముఖ్యంగా తమ చెవుల కోసం. అక్కడ జంతువులు ఒక్క క్షణం ఎటు పరుగెత్తాలో తెలియక తికమకపడతాయి తప్ప వినకుండా ఏమీ ఉండవు. మన దగ్గర ఆయుధ నిబంధనల్లో చప్పుడు తగ్గించే పరికరాలు నిషేధిత వర్గంలో ఉన్నాయి కాబట్టి ఆ ముచ్చట ఇక్కడితో సరి.

అసలు మాట్లాడుకోవాల్సింది మజిల్ బ్రేక్ గురించి. గొట్టం మూతికి బిగించే ఈ ముక్కకు పక్కలకు గాట్లుంటాయి. ముందుకు పోవాల్సిన వాయువును అవి పక్కలకు, కొంత వెనక్కు మళ్లిస్తాయి. దాంతో భుజానికి తగిలే దెబ్బ తగ్గుతుంది. షూటరుకు అది హాయే. వాయువుతో పాటు మోత కూడా మళ్లుతుంది కదా! ఎదురుగా ఉన్న పందికి కొత్తగా పెరిగేదేమీ లేదు. పెరిగేదంతా పక్కనున్న మనుషులకే.

ఆ పక్కనుండేది ఎవరు? సెర్చిలైటు పట్టుకున్న పిల్లగాడు, గట్టు దారి చూపించే చేను రైతు, వాళ్ల వెంట వచ్చిన కుక్క. మామూలు రైఫిలే చెవి దగ్గర 160 డెసిబెళ్లు దాటుతుంది. 140 దాటిన మోత ఒక్కసారి పడినా లోచెవి దెబ్బతినొచ్చు. లోపలి సున్నితమైన కణాలు ఒకసారి చస్తే మళ్లీ మొలవవు. బ్రేక్ ఉంటే దాని మీద మరికొన్ని డెసిబెళ్లు. తెల్లారి చెవుల్లో గింగురుమంటుంటే 'అదే తగ్గుతుందిలే' అనుకుని ఊరుకునేవాళ్లే ఎక్కువ. పంటకు పరిహారం అడగడానికి ఒక దరఖాస్తన్నా ఉంది, చెవికి అదీ లేదు.

ఇంకో సంగతి. పంది వినికిడి మన కన్నా విశాలం. మనకు 20 వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే దానికి 40 వేల వరకు వినిపిస్తుంది. అంత సన్నని చప్పుళ్లూ దానికి అందుతాయి. ఎండాకు చిటపట, పాలిథీన్ సంచి గరగర, తుపాకీ సేఫ్టీ తీసిన 'టిక్కు'... కాల్పుకు ముందే దాన్ని హెచ్చరించేవి ఇవి. వీటి ముందు గొట్టం మూతికి ఏది బిగించామన్నది చిన్న విషయం. గాలి మన వైపు నుంచి దాని వైపు వీస్తుంటే చప్పుడుతో కూడా పనిలేదు, ముక్కే చెప్పేస్తుంది.

కాబట్టి షూటర్లను పిలిపించేటప్పుడు మోత ఎంత ఉంటుందని కాదు, గురి ఎంత ఉందని అడగాలి. మోతతో పందులను తరమాలంటే టపాకాయలకు పట్టిన గతే దీనికీ పడుతుంది. కాల్పుల తర్వాత మంద కొన్నాళ్లు రాకపోతే అది పక్క చేలో దిగుతోందేమో చూసుకోవాలి. పంట కాపాడే పని విత్తేటప్పుడే మొదలవ్వాలి. మొక్కజొన్న చుట్టూ ఆముదం, వేరుశనగ చుట్టూ కుసుమ దట్టంగా వేసుకోవాలని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కంచెకు కరెంటు పెట్టే పని మాత్రం వద్దు. దానికి బలైన మనుషులు, పశువులు మన ఊళ్లలో తక్కువ కాదు.

అటవీ శాఖ వారు అనుమతి కాగితంలో రెండు ముక్కలు చేర్చాలి. పక్కన మనుషులుంటే బ్రేక్ ఉన్న రైఫిల్ వాడకూడదు. వెంట వచ్చే ప్రతి ఒక్కరికీ చెవి రక్షణ ఇవ్వాలి. అప్పటిదాకా రైతులు షూటరు పక్కన కాకుండా బాగా వెనక నిలబడాలి. చెవుల్లో దూది కుక్కుకుంటే చాలదు. మందుల షాపుల్లో దొరికే ఇయర్ ప్లగ్గులు లోపలిదాకా సరిగ్గా దూర్చుకోవాలి. లైటు పట్టే పిల్లగాడికీ ఒక జత కొనివ్వండి.