మీ ట్రేడింగ్ హాల్ కూలగొట్టండి

మైన్‌క్రాఫ్ట్ ఆడే ప్రతి ఒక్కరినీ ఒకే ప్రశ్న అడుగుతున్నాను. మీకు అరిగిన పనిముట్లను బాగుచేసే మెండింగ్ పుస్తకం అమ్మే లైబ్రేరియన్ ఇప్పుడు ఎక్కడున్నాడు?

"తన ఊళ్లో" అని చెప్పగలిగినవాళ్లు ఈ వ్యాసం చదవక్కర్లేదు. మిగతావాళ్లు కదలకండి.

మీ లైబ్రేరియన్ ఒక బ్లాకు పొడవు, ఒక బ్లాకు వెడల్పు ఉన్న గుంటలో నిలబడి ఉన్నాడు. ఎదురుగా వాడి పనిముట్టు లెక్టర్న్, వెనక రాతిగోడ, పక్క గుంటలో ఇంకొకడు, వాడి పక్కన మరొకడు. పుట్టిన ఊళ్లోంచి వాణ్ణి పడవలోకి తోసి, ఎండునేల మీద ఆ పడవను నడిపించి, ఆపైన మైన్‌కార్టులో కుక్కి పట్టాల మీద పంపించి, ఆ గుంటలో దించి మూత బిగించారు. మీకు కావలసిన పుస్తకం చూపించనందుకు వాడి లెక్టర్న్ పగలగొట్టారు. మళ్లీ పెట్టారు. మళ్లీ పగలగొట్టారు. పగలగొట్టిన ప్రతిసారీ వాడు పని పోగొట్టుకున్నాడు, పెట్టిన ప్రతిసారీ కొత్త పుస్తకంతో మీ ముందు నిలబడ్డాడు. మెండింగ్ కనబడగానే ఒక్క బేరం చేసి, వాణ్ణి జన్మంతా ఆ పుస్తకానికి కట్టేశారు. దీనికి ట్రేడింగ్ హాల్ అని పేరు. స్నేహితుల్ని సర్వర్‌లోకి పిలిచి మరీ తిప్పి చూపిస్తారు. వరస ఎంత తిన్నగా ఉందో చూడమంటారు.

దాచుకోవలసిన దాన్ని ఊరేగిస్తున్నారు.

ఈ ఆటలోకి బేరం ఎలా వచ్చిందో గుర్తు చేసుకోండి. 2011లో ఊళ్లు వచ్చాయి, ఊరివాళ్లు (విలేజర్లు) వచ్చారు, కానీ వాళ్లతో చేసే పనేమీ లేదు. 2012 ఆగస్టులో స్టాక్‌హోమ్‌లోని మొజాంగ్ సంస్థ 1.3 వెర్షన్‌తో ఎమరాల్డ్‌నూ దాంతో పాటే వ్యాపారాన్నీ తెచ్చింది. అప్పటిదాకా ఆ ప్రపంచంలో ఏం కావాలన్నా తవ్వాలి, నరకాలి, లేదా చంపాలి. ఎదుటివాడి దగ్గరున్నదాన్ని వెల ఇచ్చి తీసుకునే దారి తెరుచుకోవడం అదే మొదటిసారి. నా దృష్టిలో ఈ ఆటకు వచ్చిన మార్పుల్లో దానికన్నా పెద్దది లేదు. వజ్రపు కత్తి చేతిలో ఉన్నవాడు కూడా ఆగి, "ఎంతకిస్తావు?" అని అడగవలసి వచ్చింది.

2019 ఏప్రిల్‌లో విలేజ్ అండ్ పిలేజ్ అప్‌డేట్ వచ్చాక ఊరు నిజంగా ఊరైంది. రైతుకు కంపోస్టర్, తోలుపనివాడికి తొట్టి, తాపీవాడికి రాళ్లు కోసే యంత్రం, ఎవరి పనిముట్టు వాళ్లకు. రొట్టె మిగిలిన రైతు పక్కవాడి ముందుకు విసిరి పంచుతాడు. మధ్యాహ్నం అందరూ గంట దగ్గర చేరి కబుర్లాడుకుంటారు. పిల్లలు ఒకరినొకరు తరుముకుంటారు, మంచాల మీద గెంతుతారు. చీకటి పడితే ఎవరింట్లో వాళ్లు పడుకుంటారు, వీధిలో ఐరన్ గోలెమ్ కాపలా తిరుగుతుంది.

ఆ కబుర్లు వట్టి అలంకారం కాదు. ఇది బాగా వినండి. మీరొకణ్ణి కొడితే వాడు గుర్తుపెట్టుకుంటాడు. జావా ఎడిషన్‌లో ఆ సంగతి ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది, మీరు చెయ్యెత్తని వాళ్లు కూడా మీకు ధర పెంచుతారు. తరచూ బేరం చేస్తే మీ పేరు మెరుగవుతుంది. దోపిడీ దండు ఊరి మీద పడినప్పుడు మీరు నిలబడి కాపాడితే ఊరంతా మీకు ధర తగ్గిస్తుంది, ఎదురొచ్చి కానుకలు కూడా విసురుతుంది. అంటే ఈ ఆటలో ధర అన్నది మీ నడవడి మీద ఆ ఊరు ఇచ్చే తీర్పు. ఒక బొమ్మల ఆటలో ఇంత చక్కటి లెక్క రాసి పెట్టిన వాళ్లకు నేను దండం పెడతాను.

మీరు ఆ తీర్పును ఫోర్జరీ చేశారు.

ఎలాగో మీకు తెలుసు, అయినా మీ మొహం మీదే చెబుతాను. ఆటను హార్డ్ స్థాయిలో పెడతారు, ఎందుకంటే అందులో జోంబీ చేతిలో చచ్చిన ప్రతివాడూ జోంబీ అవుతాడు, మామూలు స్థాయిలో సగం మందే అవుతారు. గుంటలో కదల్లేక నిలబడ్డవాడి మీదికి మీరే ఒక జోంబీని వదులుతారు. వాడి ఒళ్లు పచ్చబడుతుంది, చేతులు ముందుకు చాచి మూలుగుతాడు. అప్పుడు మీరు బలహీనత మందు చల్లి, బంగారు యాపిల్ తినిపిస్తారు. మూడు నుంచి ఐదు నిమిషాలు వాడు వణుకుతూ నిలబడతాడు. తేరుకోగానే, కాపాడినందుకు కృతజ్ఞతగా మీకు భారీగా ధర తగ్గిస్తాడు. విషం పెట్టిన చేత్తోనే విరుగుడు పోసి, కాళ్లకు దండం పెట్టించుకునే దొంగ వైద్యుడికీ మీకూ తేడా ఏమిటి? ఆ తగ్గింపు చాలక మళ్లీ జోంబీని వదిలారు, మళ్లీ యాపిల్ తినిపించారు. జబ్బు, చికిత్స, జబ్బు, చికిత్స. వాడు తన సరుకంతా ఒక్క ఎమరాల్డ్‌కు ధారపోసే దాకా ఆపలేదు. పదే పదే నయం చేసి తగ్గింపు పోగేసుకునే ఈ దారిని మొజాంగ్ 2023లో మూసింది. ఇప్పుడు ఆ తగ్గింపు మొదటిసారికే. దానికి కూడా ఏడ్చినవాళ్లున్నారు!

అసలు వాళ్లు మొదట అడిగే ధర ఎంత? బాణాలు చేసేవాడు ముప్పై రెండు పుల్లలు తీసుకుని ఒక ఎమరాల్డ్ ఇస్తాడు. ముప్పై రెండు పుల్లలంటే నాలుగు దుంగలు. ఒక చిన్న చెట్టు. ఎమరాల్డ్ ముడిరాయి కోసం కొండలన్నీ తవ్వినవాడికి తెలుసు అది ఎంత అరుదో. మతగురువు మీరు పారేసే కుళ్లిన మాంసానికి సైతం ఎమరాల్డ్ ఇస్తాడు. ఇంత ఉదారమైన సంత ఇంకెక్కడుంటుంది? నాలుగు దుంగలు నరకడానికి కూడా ఒళ్లు వంగక, ఒక్క పుల్లకే ఎమరాల్డ్ రాబట్టడం కోసం వాణ్ణి జోంబీ నోట్లో పెట్టారు. అవసరం కాదది. తేరగా వచ్చేదాన్ని ఇంకా తేరగా లాక్కోవాలన్న యావ.

ఐరన్ ఫామ్ సంగతి వదిలేస్తాననుకున్నారా? జావా ఎడిషన్‌లో ముగ్గురు విలేజర్లను ఒక పెట్టెలో బిగిస్తారు. వాళ్లకు కనబడేటట్టు, అందకుండా, ఒక జోంబీని నిలబెడతారు. వాళ్లు భయంతో వణుకుతారు. ఆ భయానికే ఐరన్ గోలెమ్ పుడుతుంది, వాళ్లను కాపాడడానికి. పుట్టిన క్షణమే నీళ్ల ధారలో కొట్టుకుపోయి లావాలో కాలి చస్తుంది. మూడు నుంచి ఐదు ఇనుప కడ్డీలు మీ పెట్టెలో పడతాయి. కొన్నిసార్లు వాటితో పాటు ఎర్ర పువ్వులు కూడా పడతాయి. ఊళ్లో అదే గోలెమ్ పిల్లలకు అందించే పువ్వులే అవి. పెట్టె నిండిపోతోందని వాటిని ఏరి మళ్లీ లావాలో పోసే గొట్టం కూడా కట్టుకుంటారు.

ఇక మీ సమాధానాలు నాకు వినబడుతున్నాయి. ఒక్కొక్కటే రానివ్వండి.

"అది వట్టి కోడ్. దానికి నొప్పి తెలియదు." తెలియదు. ఆ మాట నాకు మీరు నేర్పక్కర్లేదు. మరి మీ పెంపుడు తోడేలు? దానికి పేరుపట్టీ కట్టారు, లావాలో పడితే మొహం మాడ్చుకున్నారు, సమాధి కట్టి దీపం పెట్టారు. అదీ కోడే కదా! తోడేలు దగ్గర మనసు, విలేజర్ దగ్గర కంప్యూటర్ సైన్సు. తేడా ఒక్కటే. తోడేలును బంధిస్తే మీకు లాభం లేదు. లాభం ఉన్నచోటే మీకు "కోడ్" గుర్తొస్తుంది. నొప్పి గురించి నేను మాట్లాడ్డం లేదు, మీ గురించి మాట్లాడుతున్నాను. ఎవరూ అడగని చోట, శిక్ష లేని చోట, మీకన్నా బలహీనుడి ఆకారంలో ఉన్నదాన్ని చేతికిస్తే మీరు మొట్టమొదట చేసిన పని గోడ కట్టడం.

"గోడలు కడితేనే బతుకుతారు, బయట జోంబీలు తినేస్తాయి." ప్రతి జైలరూ ఇదే చెబుతాడు. ఊరి చుట్టూ కంచె వెయ్యండి. వీధుల్లో కాగడాలు పెట్టండి. చీకటి లేనిచోట మామూలుగా జోంబీ పుట్టదు. ఇనుము, గుమ్మడికాయ పెట్టి ఒక గోలెమ్‌ను మీరే చేసి నిలబెట్టండి. ఇదంతా మీ హాలుకు తెచ్చిన రాళ్ల ఖర్చులో నాలుగో వంతు కూడా కాదు. రక్షణే మీ ఉద్దేశమైతే ఆకుపచ్చ అంగీవాణ్ణి ఏం చేశారు? పని నేర్చుకోలేని వాణ్ణి, ఆట నిట్‌విట్ అని పిలిచే వాణ్ణి? వాడు అమ్మేది ఏమీ లేదు. మంచం ఒకటి ఆక్రమిస్తాడని వాణ్ణి వదిలించుకోమని మీ పాఠాలే చెబుతాయి. వదిలించుకున్నారు కూడా. మీ జాలి సరుకు ఉన్నవాళ్లకే పరిమితం.

"మాకు ఉద్యోగాలున్నాయి, పిల్లలున్నారు, ఆడేది రాత్రి ఒక గంట." ఈ ఒక్క మాటను నేను గౌరవిస్తాను. అయినా ఒప్పుకోను. ఆ హాలు కట్టడానికి, ఆ లెక్టర్న్ వందలసార్లు పగలగొట్టడానికి మీకు సమయం ఎక్కణ్ణుంచి వచ్చింది? అంత ఓపికతో ఒక ఊరికి దారి వెయ్యొచ్చు. మెండింగ్ చేపల గాలానికి దొరుకుతుంది, పాడుబడ్డ కట్టడాల పెట్టెల్లో దొరుకుతుంది. మీరు ఆదా చేసుకున్నది సమయం కాదు, తిరగడం. తిరగడం ఇష్టం లేనివాళ్లకు ఇంత పెద్ద ప్రపంచం ఎందుకు?

ఇప్పుడు శత్రువులు పెరిగే మాట. 2023లో మొజాంగ్ ఒక ప్రయోగం పెట్టింది. దాని ప్రకారం ఏ లైబ్రేరియన్ ఏ పుస్తకం అమ్మాలో వాడి ప్రాంతాన్ని బట్టి ఉంటుంది. మంచు ఊరివాడి దగ్గర సిల్క్ టచ్, చిత్తడి నేలవాడి దగ్గర మెండింగ్. అదీ చేరదీసి, బేరాలు చేసి, వాణ్ణి పై స్థాయికి తెచ్చాకే. చిత్తడి నేలలో, అడవిలో ఊళ్లు వాటంతట పుట్టవు, మీరే అక్కడ ఊరు నిలబెట్టాలి. ఆ రోజు ఎంత గగ్గోలు! ఆటను చంపేశారన్నారు, కష్టపడేవాళ్లను శిక్షిస్తున్నారన్నారు. కష్టపడేది ఎవరు? గుంటలో నిలబడ్డవాడా, మూత బిగించినవాడా? నేను ఆ ప్రయోగం పక్షాన నిలబడుతున్నాను. దానిలో లోపాలున్నాయి, కొన్ని బేరాలు మరీ బిగించారు, నిజమే. కానీ ఆటగాణ్ణి మళ్లీ దారి పట్టించాలని, ఎడారి మనిషికీ మంచు మనిషికీ తేడా ఉండాలని చూసిన ప్రయత్నం అది. ముప్పై కోట్ల కాపీలకు పైగా అమ్ముడైన ఆటలో ఆ మాట అనడానికి వాళ్లకు ధైర్యం కావాలి.

తెలుగువాళ్లకు విడిగా ఒక మాట. తెలంగాణ పల్లెల్లో వెట్టి చేసినవాళ్లు మనుషులు. వాళ్ల బాధను ఈ బొమ్మలకు అంటగట్టే నీచానికి నేను దిగను. 1946 నుంచి 1951 దాకా ఆ నేల మీద జరిగిన పోరాటం ఏ ఆటకూ పోలిక కాదు. కానీ ట్రేడింగ్ హాల్ ఎంత లాభమో చెప్పేవాళ్ల నోట వచ్చే వాక్యాలు వినండి. "వీడికి తిండి అక్కర్లేదు. నిద్ర అక్కర్లేదు. మంచం కూడా వద్దు. ఎదురుగా పని ఉంటే చాలు, రోజుకు రెండుసార్లు సరుకు నింపుతాడు." జావా ఎడిషన్ నియమాల ప్రకారం ప్రతి ముక్కా నిజం. ఈ వాక్యాలు ఎవరి గడీలో వినబడేవో మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే అడగండి. పదేళ్ల పిల్ల స్క్రీన్ ముందు కూర్చుని అవే మాటలు లాభం లెక్కగా వల్లిస్తుంటే నాకు కడుపులో దేవుతుంది. మీకు దేవడం లేదంటే మీతో నాకు తగవు ఉంది.

తప్పంతా ఆటగాళ్ల మీదే వేసి మొజాంగ్‌ను వదలను. 2014లో మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లు పెట్టి కొన్న సంస్థ అది, చేతులు ముడుచుకు కూర్చోవలసిన గతి దానికి లేదు. గంట పెట్టారు, మంచం పెట్టారు, కబుర్లు పెట్టారు, కానీ వాటిలో ఏదీ లేకపోయినా దుకాణం నడిచేటట్టు వదిలేశారు. ఖైదు చేసినవాడికీ పొరుగువాడికీ ఒకే సరుకు, ఒకే వేళకు. గుంటకు లాభం మొదట కూర్చిపెట్టింది వాళ్లే.

కాబట్టి మొజాంగ్‌ను నేను అడిగేది చిన్నది. రాత్రి మంచం మీద పడుకోనివాడు, గంట దగ్గరికి నడిచి వెళ్లలేనివాడు మర్నాడు సరుకు నింపకూడదు. ఈ ఒక్క నియమం రాయండి. ఎవరినీ నిషేధించొద్దు, ఎవరికీ నీతులు చెప్పొద్దు. అది వచ్చేదాకా ఆగక్కర్లేదు, గడ్డపార మీ చేతిలోనే ఉంది, ఈ రాత్రే హాలు గోడ పగలగొట్టి వాళ్లను బయటికి నడిపించండి. కూలగొట్టనంటారా? కొట్టొద్దు. కానీ ఇంకోసారి ఆ హాలు చూపించడానికి నన్ను మీ సర్వర్‌లోకి పిలవకండి. వస్తే నేనే పగలగొడతాను.