ఎంబసీ అంటే వీసాలిచ్చే చోటేనా?

"ఎంబసీ అంటే ఏంటమ్మా?" అని మీ పదేళ్ల పాప అడిగితే ఏం చెబుతారు? మనలో చాలామందిమి తడుముకోకుండా "వీసాలిచ్చే ఆఫీసు" అనేస్తాం. అలా అనుకోవడంలో వింతేం లేదు. 2008లో హైదరాబాదులో అమెరికన్ కాన్సులేట్ తెరిచేదాకా మనవాళ్లు వీసా కోసం చెన్నై రైలెక్కేవారు. ఆ క్యూలు, ఆ ఇంటర్వ్యూలు, చిలుకూరు బాలాజీకి ఆ ప్రదక్షిణలు... ఆ మాట వినగానే మనకు గుర్తొచ్చేవి ఇవే. కానీ అది సగం జవాబే. పరాయి దేశం ఆఫీసు మన దగ్గర ఉన్నట్టే, మన దేశం ఆఫీసు కూడా అక్కడ ఉంటుంది. పిల్లలకు ముందు చెప్పాల్సింది ఆ రెండో సగం.

ఇది చెప్పడానికి లావుపాటి పుస్తకాలేం అక్కర్లేదు. రాయబారం మన పిల్లలకు తెలిసిన కథే. పాండవుల తరఫున కృష్ణుడు కౌరవ సభకు వెళ్లాడు. హనుమంతుణ్ని చంపమని రావణుడు ఆజ్ఞాపిస్తే, దూతను చంపడం ధర్మం కాదని విభీషణుడు అడ్డుపడ్డాడు. ఆ ధర్మాన్నే ప్రపంచ దేశాలు 1961లో వియన్నాలో ఒప్పందంగా రాసుకున్నాయి. రాయబారిని అరెస్టు చేయకూడదు. అనుమతి లేనిదే ఆ దేశం పోలీసులైనా ఎంబసీ గడప తొక్కకూడదు. అంతమాత్రాన అది పరాయి నేల అయిపోదు. ఢిల్లీ చాణక్యపురిలో ఉన్న ఎంబసీలన్నీ మన నేల మీదే ఉన్నాయి, మన చట్టాలను గౌరవించాల్సిందే.

పేర్ల తేడా కూడా చెప్పండి. ఎంబసీ సాధారణంగా రాజధానిలో ఉంటుంది. మిగతా పెద్ద నగరాల్లో ఉండేవి కాన్సులేట్లు. అందుకే అబుదాబిలో మన ఎంబసీ, దుబాయిలో మన కాన్సులేట్ ఉన్నాయి. బ్రిటన్, ఆస్ట్రేలియా లాంటి కామన్వెల్త్ దేశాల్లో ఎంబసీనే హైకమిషన్ అంటారు.

ఇదంతా క్విజ్ పోటీలకు పనికొచ్చే సంగతే కదా అనిపించవచ్చు. కాదు. కడప, గోదావరి జిల్లాల నుంచి ఇళ్లల్లో పనికని గల్ఫ్ వెళ్లిన తల్లులున్నారు. కరీంనగర్, నిజామాబాద్‌ల నుంచి కూలికి వెళ్లిన తండ్రులున్నారు. అమ్మమ్మ దగ్గరో నానమ్మ దగ్గరో పెరుగుతున్న వాళ్ల పిల్లలకు ఇది జనరల్ నాలెడ్జి బిట్టు కాదు. అమ్మకు కష్టమొస్తే ఏ తలుపు తట్టాలి అన్న ప్రశ్న.

అక్కడ యజమాని పాస్‌పోర్టు లాగేసుకుంటే? ఆ పుస్తకం యజమానిది కాదు, భారత ప్రభుత్వానిది. పోయినా, చేతికి రాకపోయినా, ఇంటికి తిరిగి రావడానికి ఎంబసీ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇవ్వగలదు. జీతం ఎగ్గొడితే యజమానితో, అక్కడి అధికారులతో మాట్లాడగలదు. జైల్లో ఉన్న మనవాళ్లను వెళ్లి చూడగలదు. దిక్కులేనివాళ్ల టికెట్టుకు, మృతదేహాన్ని ఇంటికి చేర్చడానికి 2009లో పెట్టిన సంక్షేమ నిధి ఉంది. కానీ ఆ దేశం చట్టాన్ని కాదనలేదు, జైలు తాళాలు తీయలేదు. ఈ హద్దు కూడా చెప్పాలి. లేనిపోని ఆశ పెట్టడం కూడా అన్యాయమే.

పెద్ద ఆపదలు వచ్చినప్పుడు ఈ ఆఫీసుల విలువ అందరికీ తెలిసొచ్చింది. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్ష మందికి పైగా భారతీయులను జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి విమానాల్లో తీసుకొచ్చారు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక, సరిహద్దులు దాటి వచ్చిన మన మెడికల్ విద్యార్థులకు పోలెండ్, హంగరీ, రుమేనియాల్లోని మన ఎంబసీల సిబ్బంది ఎదురొచ్చారు. వాళ్లలో తెలుగు పిల్లలూ ఉన్నారు.

అన్ని ఎంబసీలూ పిలిస్తే పలుకుతాయని కాదు. ఆలస్యాల మీద, పట్టించుకోకపోవడం మీద ఫిర్యాదులు ఎప్పుడూ ఉన్నవే. అందుకే అడగడం తెలియాలి. ఆ ఆఫీసు దయతలచి చేసేది కాదు, మన కోసం పెట్టిందే అని తెలిసినవాళ్లు గట్టిగా అడగగలుగుతారు.

ఆడపిల్లలకు ఇంకో కథ కూడా చెప్పండి. విదేశాంగ సర్వీసులో చేరిన మొదటి మహిళ సి.బి. ముత్తమ్మ. పెళ్లి చేసుకోవాలంటే ఆడ ఆఫీసరు ప్రభుత్వం అనుమతి తీసుకోవాలని అప్పట్లో రూలు. మగవాళ్లకు అది లేదు. ఆవిడ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ తన తీర్పులో ఆ వివక్షను ఎండగట్టారు. దేశం తరఫున మాట్లాడాల్సినావిడ ముందు తన తరఫున తాను మాట్లాడాల్సి వచ్చింది!

మన బళ్లలో దేశాల రాజధానులు, కరెన్సీలు బట్టీ పట్టిస్తారు. ఆ రాజధానుల్లో మన ఎంబసీ ఉంటుందని మాత్రం చెప్పరు. ఆ పని మనమే చేద్దాం. మీ ఇంట్లో, మీ వీధిలో ఎవరైనా విదేశం వెళ్తుంటే ఆ పాస్‌పోర్టు నంబరు, అక్కడి మన ఎంబసీ ఫోను నంబరు పిల్లల చేతే ఒక నోటు పుస్తకంలో రాయించండి. 2015లో విదేశాంగ శాఖ మొదలుపెట్టిన 'మదద్' ద్వారా ఇంటి దగ్గర నుంచే ఫిర్యాదు చేయొచ్చని చెప్పండి. ఏ అర్ధరాత్రో ఏడుస్తూ ఫోనొస్తే, ఎక్కడ వెతకాలో ఆ ఇంట్లో ఒకరికైనా తెలిసి ఉంటుంది.