మ్యాట్‌ని ఓసారి తిప్పి చూశారా!

కొత్త ఫ్లాట్‌లోకి మారేటప్పుడు సోఫా కోసం నాలుగు షాపులు తిరుగుతారు. కర్టెన్ల రంగు గోడకు నప్పాలంటారు. కాళ్లు తుడుచుకునే మ్యాట్ దగ్గరికొచ్చేసరికి మాత్రం 'ఏదో ఒకటిలే' అనేస్తారు. పైన పువ్వు బాగుందా, మెత్తగా ఉందా... చూపు అంతవరకే. తిప్పి చూసేవాళ్లు తక్కువ. నిజానికి మ్యాట్ పనితనమంతా ఉండేది ఆ కింది వైపే!

బండలు పోయి... టైల్స్ వచ్చాక

పాత ఇళ్లలో నేలంటే తాండూరు బండలో, షాబాద్ బండలో. అవి కాస్త గరుకుగా ఉండేవి. గుమ్మంలో గోనెసంచి మడిచి వేసినా, పాత చీరలతో కుట్టిన బొంత పరిచినా అంతగా కదిలేవి కావు. ఇప్పుడు నేలే మారిపోయింది. హైటెక్ సిటీ ఉద్యోగాలతో పాటే నిజాంపేట, ప్రగతినగర్, బాచుపల్లిల్లో అపార్ట్‌మెంట్లు వరసకట్టాయి. ఏ ఫ్లాట్‌ చూసినా అద్దంలా మెరిసే విట్రిఫైడ్ టైల్సే. ఈ టైల్ తన బరువులో అర శాతం కూడా నీటిని పీల్చుకోదు. అందుకే మరకలు పట్టవు. అందుకే ఒలికిన నీళ్లు ఇంకవు కూడా. పైన పల్చటి పొరలా నిలిచిపోతాయి. దాని మీద గోనెపట్టా వేస్తే కాలు పెట్టగానే సర్రున జారుతుంది.

ఆ కాలు ఎవరిదన్నదే అసలు భయం. పిల్లల ఉద్యోగాల పుణ్యమా అని ఊళ్లో ఇల్లు వదిలి వచ్చి ఫ్లాట్లలో ఉంటున్న అమ్మానాన్నలు, అత్తమామలు ఇక్కడ ఎంతోమంది. అర్ధరాత్రి పిల్లల నిద్ర పాడవుతుందని లైటు కూడా వేయకుండా బాత్‌రూమ్‌కి వెళ్లేది వాళ్లే. కిందపడటం వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 6.84 లక్షల మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో 60 ఏళ్లు దాటినవారే ఎక్కువ. అన్నిటికీ మ్యాటే కారణం కాదు. కానీ మన చేతుల్లో ఉన్న కారణాల్లో ఇదొకటి.

నురగలో ఉంది కిటుకు

ఉతుక్కునే మ్యాట్లలో చాలావాటికి అడుగున ఫోమ్ రబ్బరు పొర ఉంటుంది. రబ్బరు పాలను గాలితో గిలక్కొట్టి నురగలా చేస్తారు. దాన్ని గుడ్డ వెనక పూతలా పరిచి వేడి చేస్తారు. అందులో కలిపిన గంధకం రబ్బరు అణువుల గొలుసులను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. దాంతో నొక్కితే అణిగి, వదిలితే మళ్లీ లేచే గుణం వస్తుంది. గంధకంతో రబ్బరును గట్టిపరచొచ్చని 1839లో ఛార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టాడు. రబ్బరు పాలను నురగ చేసే పద్ధతి 1929లో బ్రిటన్‌లోని డన్‌లప్ కంపెనీలో పుట్టింది. మొదట్లో అందుకు వాడింది వంటింటి కేకు మిక్సర్‌నేనని చెబుతారు!

మెత్తటి ఈ పొర మన బరువుకి అణిగి టైల్‌కి అతుక్కున్నట్టు కూర్చుంటుంది. అదే దాని పట్టు. అయితే ఆ పట్టుకి ఇద్దరు శత్రువులు... దుమ్ము, తడి. నురగ గుంతల్లోకి సన్నటి దుమ్ము చేరితే రబ్బరుకీ టైల్‌కీ మధ్య అడ్డుపడుతుంది. అందుకే ఉతికిన మ్యాట్ మళ్లీ కొత్తదానిలా నిలబడుతుంది. తడి సంగతి ఇంకా ముఖ్యం. పనామె తడిగుడ్డ పెట్టి, ఆ చెమ్మ ఆరకముందే మ్యాట్ పరిచి వెళ్లిపోతుంది. రబ్బరుకీ టైల్‌కీ మధ్య నీటి పొర చిక్కుకుంటే ఎంత మంచి మ్యాటైనా జారుతుంది. నేల పూర్తిగా ఆరాకే పరచాలి.

ఎండకు వేస్తే ఎండిపోతుంది

మ్యాట్లు పాడవడానికి ఉతకడంలో చేసే పొరపాట్లూ ఓ కారణం. బ్లీచింగ్ పౌడర్‌ వేస్తే తెల్లబడుతుందనుకుంటారు. అందులోని క్లోరిన్ రబ్బరుని తినేస్తుంది. మరీ వేడి నీళ్లూ అంతే. ఇక ఉతికాక బాల్కనీ గోడ మీద మే నెల ఎండలో రబ్బరు వైపు పైకి పెట్టి ఆరేస్తే చెప్పనక్కర్లేదు. ఎండ వేడికి, అతినీలలోహిత కిరణాలకు రబ్బరు అణువుల గొలుసులు తెగిపోతాయి. కొన్నాళ్లకే పొర పెళుసుబారి పొడిపొడిగా రాలుతుంది.

బోరు నీళ్లతో మరో చిక్కు. వాటిలోని ఉప్పులు సబ్బుతో కలిసి జిడ్డులాంటి తెట్టు కడతాయి. మ్యాట్ బిరుసెక్కుతుంది. బట్టల సబ్బు రుద్దే బదులు కొద్దిగా లిక్విడ్ డిటర్జెంట్ వాడటం మేలు. వేసవిలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే అపార్ట్‌మెంట్లలో జాడించిన ఆఖరి నీళ్లు పారబోయక్కర్లేదు. బాల్కనీ కడగడానికి పనికొస్తాయి.

2016 సెప్టెంబరు వానలకు నిజాంపేట భండారీ లేఅవుట్‌లో సెల్లార్లు మునిగిన సంగతి తెలిసిందే. అలాంటి మురుగు నీటిలో నానిన ఫోమ్ మ్యాట్‌ని ఎంత ఉతికినా లోపలి మురికి పూర్తిగా పోదు. మమకారం వదులుకోవడమే మంచిది.

ఇలా చేసి చూడండి

* కొనేటప్పుడు మ్యాట్‌ని వెనక్కి మడవండి. మడత దగ్గర రబ్బరు పగిలినా, గోటితో గీస్తే పొడి రాలినా వద్దు. సుద్దపొడి ఎక్కువ కలిపిన రబ్బరు త్వరగా రాలిపోతుంది.

* వంటింట్లో నూనె పడుతుంది. మామూలు రబ్బరు నూనెకి ఉబ్బి మెత్తబడుతుంది. అక్కడికి నైట్రైల్ రబ్బరు అడుగున్నది తీసుకోండి.

* గుమ్మం బయట కొబ్బరి పీచు మ్యాట్, లోపల ఉతికే మ్యాట్ వేయండి. ఇసుక బయటే ఆగిపోతుంది.

* వరంగల్ జంపఖానా మీద ఇష్టముంటే మానక్కర్లేదు. అడుగున జారకుండా ఉండే రబ్బరు వల పరవండి.

* ఉతికే ముందు బాగా దులపండి. మెషీన్‌లో వేయొచ్చో లేదో లేబుల్ చూడండి. వేయొచ్చంటే చన్నీళ్లలో, బట్టలతో కలపకుండా వేయండి. తడిసిన మ్యాట్ బరువు ఒకే పక్కకు చేరితే డ్రమ్ము ఊగుతుంది. ఒకే సైజువి రెండు కలిపి వేస్తే సమానంగా ఉంటుంది.

* మెలిపెట్టి పిండకండి. నీళ్లు కారనిచ్చి నీడలో, గాలి తగిలేచోట ఆరేయండి. డ్రయర్ వేడి పనికిరాదు.

నెలకోసారి చిన్న పరీక్ష పెట్టండి. పొడి నేల మీద మ్యాట్ పరిచి, గోడ పట్టుకుని, పక్క నుంచి కాలితో నెట్టండి. కదలకపోతే సరే. జారితే ఉతికి, ఆరాక మళ్లీ చూడండి. అప్పటికీ జారినా, అంచులు పైకి లేచినా, టైల్స్ మీద జిగురు మరకలు వదులుతున్నా దాని పని అయిపోయినట్టే. 'పైన బాగానే ఉందిగా' అని మాత్రం ఆగొద్దు. సాధారణంగా ముందు పాడయ్యేది కిందే. పాత మ్యాట్‌ని బండి తుడుచుకోవడానికి సెల్లార్‌లో ఉంచుకోండి. పెద్దవాళ్లు నడిచే దారిలోంచి మాత్రం ఇవాళే తీసేయండి.