వెనక ఇరుసు మార్చేటప్పుడు

1856లో రాయపురం నుండి వాలాజా రోడ్డు దాకా రైలు నడిచిన నాటి నుండి అరక్కోణానికి రైలే జీవనం. మన వాళ్ళు చాలమంది ఆ రైలు చలవతోనే ఇక్కడ స్థిరపడ్డారు. ఈ కాలపు పిల్లలు కొందరు పికప్పు బండ్లు కొని, చిత్తూరు వైపు నుండి మామిడికాయలు, గుడియాత్తం నుండి లుంగీల మూటలు తోలుతున్నారు. బండి తిరిగితేనే అప్పు వాయిదా తీరుతుంది. అటువంటి బండికి వెనక ఇరుసు విరిగితే ఇల్లంతా కుంటుపడుతుంది. అందుచేత ఈ నెల ఆ సంగతి వ్రాస్తున్నాను.

ఇరుసు అనే మాట తెలుగులోనూ ఉంది, తమిళంలోనూ ఉంది. ఎడ్లబండి ఇరుసు బరువు మోస్తే చాలు. మోటారు బండి వెనక ఇరుసు బరువు మోయడమే గాక చక్రాలను త్రిప్పాలి కూడ. ఇంజను బలం గేరుబాక్సు నుండి పొడవాటి షాఫ్టు ద్వారా వచ్చి, ఇరుసు నడుమనున్న చిన్న పళ్ళచక్రాన్ని త్రిప్పుతుంది. దాన్ని పినియన్ అంటారు. అది క్రౌన్ అనే పెద్ద పళ్ళచక్రాన్ని త్రిప్పుతుంది.

కొత్త ఇరుసు ఖరీదు భరించలేక పాత సామాను అంగడికి పోయేవారు మూడు సంగతులు చూసుకోవాలి. మొదటిది కొలతలు. ఇరుసు వెడల్పు, స్ప్రింగు పట్టీలు కూర్చునే చోటు, చక్రం బోల్టులు మన బండికి సరిపోవాలి. రెండవది పళ్ళ లెక్క. క్రౌనుకు 41, పినియనుకు 10 పళ్ళుంటే షాఫ్టు 4.1 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. విప్పకుండానే ఇది తెలుసుకోవచ్చు. ఒక చక్రాన్ని కదలకుండా పట్టి, రెండవదాన్ని సరిగ్గా రెండు చుట్లు త్రిప్పి, పినియను ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. ఆ సంఖ్య పాత ఇరుసు సంఖ్యతో కలవాలి. మూడవది చట్టం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండి రూపు మార్పులకు హద్దులు పెట్టింది. అదే మాడలు ఇరుసు వేస్తే అది మరమ్మతు. వేరే మాడలుది వేయదలిస్తే ముందుగా ఆర్.టి.ఓ. ఆఫీసులో అడగడం మేలు. కాగితాలతో బ్రతికేవాణ్ణి కనుక ఈ మాట నొక్కి చెబుతున్నాను.

ఇక ప్రాణం సంగతి. ఈ బండ్లలో సాధారణంగా చేతి బ్రేకు పట్టుకునేది వెనక చక్రాలనే. వాటిని పైకి లేపితే ఆ బ్రేకు ఉన్నా లేనట్టే. షాఫ్టు విప్పాక గేరులో వేసినా బండి నిలవదు. కాబట్టి సమమైన నేల మీద, ముందు చక్రాలకు రెండు ప్రక్కలా దిమ్మెలు వేసి, చట్రం క్రింద గట్టి స్టాండ్లు నిలిపిన తరువాతనే లోపలికి దూరాలి. జాకీ లేపడానికే గాని మోయడానికి కాదు. ఇటుకలను అసలే నమ్మరాదు.

షాఫ్టు చివరలనుండే సిలువ కీళ్ళను 17వ శతాబ్దంలో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ పరిశీలించాడు. మోటారు బండ్ల కోసం వాటిని అమెరికాలో క్లారెన్స్ స్పైసర్ 1904 నుండి తయారు చేశాడు. ఒక్క కీలు వంపులో తిరిగితే చుట్టుకు రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. రెండవ కీలు ఆ తేడాను సరిచేస్తుంది. అందుకు షాఫ్టు రెండు కొనల కొమ్ములు ఒకే వరుసలో ఉండాలి, రెండు వంపులూ సమానం కావాలి. లేకుంటే బండి వణుకుతుంది, కీళ్ళు త్వరగా అరుగుతాయి. రెండు ముక్కల షాఫ్టయితే ముందు ఎట్లా ఉందో అట్లాగే బిగించాలి. అందుకే విప్పకముందే గుర్తులు పెట్టాలి. సుద్ద గుర్తు చెరిగిపోతుంది, పంచి దెబ్బ నిలుస్తుంది.

షాఫ్టు పొడవు కొలిచేది బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే. జారే ముక్క పూర్తిగా లోపలికి పోకుండా సుమారు అంగుళం ఖాళీ ఉండాలి. లేకుంటే గుంతలో పడ్డప్పుడల్లా షాఫ్టు గేరుబాక్సును పొడుస్తుంది. కోసి అతికించిన షాఫ్టును బాలెన్సు చేయించక తప్పదు.

యూ బోల్టులు కొత్తవే వేయాలి. బరువుతో రెండు రోజులు తిరిగాక మళ్ళీ బిగించి చూడాలి. గేరు ఆయిలు పోసే రంధ్రం అంచు దాకా నింపాలి. బ్రేకు గొట్టాలలో గాలి తీయించాలి.

ఈ పని మనకు చేత కాకపోయినా ఫరవాలేదు. ప్రక్కన నిలబడి, దిమ్మెలు వేశారా, గుర్తులు పెట్టారా, ఆయిలు పోశారా అని అడిగితే చాలు. డబ్బిచ్చేవాడు అడిగితే ఏ మంచి మెకానిక్కూ తప్పు పట్టడు.