మలుపులో ఒరిగే పెద్ద బండి

మధిరలో ఎవరింట్లోనైనా పెద్ద ఎస్‌యూవీ కొన్నారంటే ముందు నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. కొబ్బరికాయ కొట్టి, ఆ వారంలోనే భద్రాద్రి రాముడి దర్శనానికి బయల్దేరతారు. ముందు సీట్లో తాతయ్య, మధ్యలో అమ్మా నాయనమ్మా, చిట్టచివరి సీట్లో పిల్లలు. కొత్తగూడెం దాటి పాల్వంచ వైపు వెళ్లేసరికి ఇంకో నిమ్మకాయ బయటికొస్తుంది. అది టైరు కిందకు కాదు, వెనక సీట్లో కళ్లు తిరుగుతున్నాయంటున్న పిల్ల ముక్కు దగ్గరకు! ‘ఇంతకన్నా ఎర్ర బస్సే నయం’ అని నాయనమ్మ అననే అంటుంది. అన్ని లక్షలు పోసిన బండి మలుపు మలుపుకీ ఇలా ఒరుగుతుందేమిటని కొన్నాయనకు దిగులు.

తిరిగొచ్చాక బండి గ్యారేజీకి వెళ్తుంది. ‘షాకప్‌లు మెత్తగా ఉన్నాయి సార్, గట్టివి వేసేద్దాం’ అని సలహా. డబ్బు వృథా అయ్యేది సాధారణంగా ఇక్కడే. ఎందుకంటే బండి ఒరగడం వేరు, మెత్తగా ఉండటం వేరు. రెండూ ఒకటే జబ్బనుకుని ఒకే మందు వేస్తే ఒరుగుడు అలాగే ఉంటుంది, కుదుపులు మాత్రం కొత్తగా వచ్చి చేరతాయి.

వరిగడ్డి బండిని చూసినవాళ్లకు ఒరుగుడు సంగతి వేరే చెప్పక్కర్లేదు. గడ్డి ఎంత ఎత్తుకు పేరిస్తే బండి మలుపులో అంత వాలుతుంది. ఎస్‌యూవీ కూడా అంతే. నేలకు ఎత్తుగా ఉంటుంది, బరువంతా పైనుంటుంది. మలుపులో ఆ బరువు బయటివైపుకు తోస్తుంది. ఆ తోపు వేగంతో పాటు పెరగదు, అంతకన్నా జోరుగా పెరుగుతుంది. ఒకే మలుపును 40 కిలోమీటర్ల వేగం బదులు 50తో తిరిగితే ఒకటిన్నర రెట్లకు పైనే అవుతుంది. 60తో తిరిగితే రెండుంపావు రెట్లు. అంటే బండిని ఒరగనివ్వకుండా చేసే అన్నిటికన్నా చవకైన పరికరం డ్రైవరు కుడి పాదమే. పైసా ఖర్చు లేదు కాబట్టి ఎవరికీ నచ్చదు!

ఇక బండి కింద ఏముందో చూద్దాం. బరువు మోసేవి స్ప్రింగులు. లారీలకైతే కమాన్ కట్టలు, కార్లకు చుట్ట స్ప్రింగులు, మరీ ఖరీదైన బళ్లకు గాలి నింపిన రబ్బరు సంచులు. ఆ స్ప్రింగు ఎగిరెగిరి పడకుండా పట్టి ఉంచేది షాకప్. ఈ రెండూ కాక ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలుపుతూ అడ్డంగా వంగిన ఉక్కు కడ్డీ ఒకటి ఉంటుంది. దాన్ని స్టెబిలైజర్ బార్ అంటారు. ఒక పక్క చక్రం పైకి నొక్కుకుపోయి, రెండోది కిందికి జారినప్పుడు ఈ కడ్డీ మెలి తిరుగుతుంది. ఆ మెలికే బండిని నిలబెట్టేది.

మరి షాకప్ పనేమిటంటారా? పొడవాటి మలుపులో బండి చివరికి ఎంత ఒరగాలో నిర్ణయించేవి స్ప్రింగూ కడ్డీనే. ఎంత తొందరగా ఒరగాలో మాత్రమే షాకప్ చేతిలో ఉంటుంది. గట్టి షాకప్ వేస్తే ఎస్ ఆకారపు మలుపుల్లో బండి ఇటు నుంచి అటుకు ఒక్కసారిగా పడిపోకుండా నింపాదిగా వాలుతుంది. అదీ లాభమే, కాదనలేం. కానీ వాలే కోణం తగ్గదు.

కోణం తగ్గాలంటే కడ్డీ లావెక్కాలి. లెక్క చూస్తే ఆశ్చర్యమేస్తుంది. 20 మిల్లీమీటర్ల కడ్డీ తీసి 22 మిల్లీమీటర్లది వేస్తే, పెరిగింది రెండు మిల్లీమీటర్లే అయినా గట్టిదనం దాదాపు 46 శాతం పెరుగుతుంది. ‘అయితే వేయించేద్దాం’ అనుకునేముందు మధిర మట్టిని తలచుకోండి. ఆ చుట్టుపక్కల నల్లరేగడి నేలలు ఎక్కువ. పత్తికీ మిర్చికీ బంగారమే కానీ రోడ్డుకు శత్రువు. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది, దాంతో పైనున్న తారు అలలు అలలుగా లేస్తుంది. ఒక పక్క చక్రం గుంతలో పడితే రెండో పక్క గట్టునుంటుంది. కడ్డీ ఎంత గట్టిదైతే ఒక చక్రం కుదుపు రెండో చక్రానికి అంత బాగా అందుతుంది. మలుపులో ఒరగని బండి, తిన్నటి రోడ్డు మీద తలలు అటూ ఇటూ విసిరికొడుతుంది. పైగా ముందు వెనకల లెక్క తప్పి వెనక కడ్డీ ఒక్కటే బాగా గట్టిపడితే, తడి రోడ్డు మీద వెనక భాగం జారే ప్రమాదం ఉంది. కంపెనీ ఇంజినీర్లు ఏళ్ల తరబడి కుదిర్చిన తూకాన్ని ఒక్క పూటలో మార్చడం అంత తెలివైన పని కాదు.

ఈ చిక్కు తెలిసే పెద్ద కంపెనీలు కోట్లు ఖర్చు పెట్టాయి. రేంజ్ రోవర్‌కు 1992లోనే గాలి సస్పెన్షన్ వచ్చింది. 1998లో వచ్చిన రెండో తరం ల్యాండ్ రోవర్ డిస్కవరీకి కడ్డీని ఆయిల్ ఒత్తిడితో బిగించే ఏర్పాటు పెట్టారు. తిన్నగా వెళ్లేటప్పుడు వదులు, మలుపులో బిగువు. ఆడి 2016లో ఎస్‌క్యూ7లో కడ్డీ మధ్యలో 48 వోల్టుల మోటారు అమర్చింది. అయస్కాంతానికి స్పందించే ద్రవాన్ని షాకప్‌లో పోసి, కరెంటుతో క్షణంలో చిక్కబరిచే పద్ధతి 2002 నుంచే కార్లలో ఉంది. అంతా కలిసి చెప్పేది ఒకటే: ఒకే గట్టిదనం అన్ని రోడ్లకూ సరిపోదు.

అలాంటి బండి ఉన్నవాళ్లు కూడా బటన్ విషయంలో పొరపడుతుంటారు. స్పోర్ట్ అని ఉంటే ఖరీదైన పని కాబోలని ఎప్పుడూ అందులోనే ఉంచుతారు. మధిర నుంచి వైరా, తల్లాడ మీదుగా వెళ్లే అలల రోడ్డుకు కంఫర్ట్ చాలు. భద్రాచలం దాటి చింతూరు, మారేడుమిల్లి ఘాట్ ఎక్కేవాళ్లకు గట్టి సెట్టింగ్ పనికొస్తుంది. అయితే చాలా బళ్లలో స్పోర్ట్ నొక్కితే షాకప్‌తో పాటు యాక్సిలరేటరూ చురుగ్గా మారుతుంది. వెనక సీటు వాంతులకు ఆ దూకుడు కూడా ఓ కారణమే. విడివిడిగా మార్చుకునే వీలుంటే షాకప్ గట్టిగా, ఇంజన్ నెమ్మదిగా పెట్టుకోండి. గాలి సస్పెన్షన్ ఉంటే, గుంతల కోసం ఎత్తు పెంచినది రోడ్డు బాగుపడగానే దించేయాలి.

ఇంతకీ ఒరుగుడంటే సౌకర్యం సంగతి మాత్రమేనా? 1997 అక్టోబరులో స్వీడన్‌లో ఓ పత్రిక వాళ్లు కొత్త మెర్సిడెస్ ఏ-క్లాస్‌ను పరీక్షించారు. రోడ్డు మీదకు దుప్పి అడ్డొస్తే చటుక్కున తప్పించుకుని మళ్లీ దారికి రావాలి, అదీ పరీక్ష. బండి తిరగబడింది. కంపెనీ అమ్మిన కార్లను వెనక్కి పిలిచి సస్పెన్షన్ మార్చింది. జారుడును పసిగట్టి ఒక్కో చక్రానికీ విడిగా బ్రేకు వేసే ఈఎస్‌పీని అన్నిటికీ అమర్చింది. కొత్తగూడెం అడవి దారిలో దుప్పి బదులు గేదె అడ్డొచ్చినా పరీక్ష అదే. కొనేటప్పుడు సన్‌రూఫ్ ఉందా అని అడిగేవాళ్లు ఈఎస్‌పీ సంగతి ముందు అడగాలి. ఇంకో మాట. ఒరుగుడు ఒకరకంగా హెచ్చరిక కూడా. గట్టి కడ్డీ వేసి దాన్ని మూయించేస్తే, హద్దు ఎక్కడుందో డ్రైవరుకు ఆలస్యంగా తెలుస్తుంది.

కాబట్టి దేన్నీ మార్చకముందు చూడాల్సినవి చూడండి. డ్రైవరు తలుపు చట్రానికి అంటించిన కాగితం మీద ఎంత గాలి ఉండాలో రాసి ఉంటుంది. చాలా బళ్లకు నిండా జనం ఎక్కినప్పటి అంకె వేరు. దాన్ని పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొలిపించాలి. గాలి తగ్గిన టైరు పక్కలు వంగి, ఒరుగుడు ఎక్కువైనట్టు అనిపిస్తుంది. అలాగని అతిగా కొట్టిస్తే పట్టు పోతుంది. 60 వేల కిలోమీటర్లు తిరిగిన పాత బండయితే షాకప్ మీద ఆయిల్ చెమ్మ ఉందేమో, స్టెబిలైజర్ బార్ రబ్బరు బుష్‌లూ లింక్ రాడ్లూ అరిగాయేమో చూపించాలి. గుంతలో ‘టకటక’ చప్పుడొస్తే అనుమానం ముందు వాటి మీదే. బుష్‌ల ఖర్చు కొత్త షాకప్‌ల ముందు లెక్కలోకే రాదు. బండి ఎత్తు పెంచే కిట్లు, కంపెనీ చెప్పినదానికన్నా పెద్ద టైర్ల జోలికి పోవద్దు. బరువు ఇంకా పైకెళ్తుంది, మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ కూడా అడ్డొస్తుంది.

చివరగా పైనున్న క్యారియర్. దాని మీద ఎంత బరువు పెట్టొచ్చో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. చాలా వాటికి 100 కిలోలు దాటదు. బియ్యం బస్తా, నీళ్ల క్యాన్లు ఉంటే కింద, రెండో వరస సీట్ల దగ్గర సర్దండి. పైన దుప్పట్లు పెట్టుకోవచ్చు.