మౌనం నేర్పిన సంగీతం

సంగీతం నేర్పేవారి ఇంటికి రెండు ప్రశ్నలు తరచుగా వస్తుంటాయి. "మా అమ్మాయి ఎన్ని నెలల్లో వేదిక ఎక్కగలుగుతుంది?" అన్నది మొదటిది. "ఏ రాగం వింటే రక్తపోటు తగ్గుతుంది?" అన్నది రెండవది. ముప్ఫై ఏళ్లుగా గాత్రపాఠాలు చెబుతున్నాను. ఈ రెండు ప్రశ్నలలోనూ సంగీతం మీద ఆశ ఉన్నదే గాని విశ్వాసం లేదని నాకు తోస్తుంది. ఆశకూ విశ్వాసానికీ గల భేదం నా గొంతు పోయిన రోజుల్లో నాకు తెలిసివచ్చింది.

సుమారు పదేళ్ల క్రిందటి మాట. ఉదయం ఆరు గంటలకు మొదలైన పాఠాలు రాత్రి ఎనిమిది గంటలకు గాని ముగిసేవి కావు. నా గొంతుకు ఇమిడే శ్రుతిని విడిచి, పిల్లల శ్రుతికి పైకి లాగి పాడేదానను. క్రమంగా తారస్థాయి షడ్జమం వద్ద గొంతు చీలసాగింది. కొద్ది రోజులకు మాట కూడా బొంగురుపోయింది. మిరియాల కషాయం, అతిమధురం ముక్క, గోరువెచ్చని ఉప్పునీటి పుక్కిలింత - ఇంట్లో తెలిసినవన్నీ చేశాను. వాటివల్ల కొంత ఉపశమనం కలిగింది. అయితే ఆ ఉపశమనమే ఆసరాగా మళ్లీ పాడుతూ వచ్చాను. ఇన్నేళ్లు కొలిచిన సరస్వతీదేవి నా గొంతును కాపాడకపోతుందా అనుకున్నాను. నేను భక్తి అనుకున్నది నిజానికి మొండితనం.

రెండు నెలల తరువాత గొంతు వైద్యులను సంప్రదించగా, స్వరతంత్రుల మీద ఒరిపిడి వల్ల చిన్న బొడిపెలు ఏర్పడ్డాయన్నారు. కొంతకాలం పాట పూర్తిగా మానాలని, మాట వీలైనంత తగ్గించాలని, ఆపైన గొంతును సరిగా వాడే అభ్యాసం చేయాలని చెప్పారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాడలేని పంతులమ్మ వద్దకు పిల్లలను ఎవరు పంపుతారు? పాట లేకపోతే నేనెవరిని?

మరునాడు మూలనున్న వీణను శ్రుతి చేసుకుని పాఠానికి కూర్చున్నాను. మాయామాళవగౌళలో సరళీ స్వరాలు. ఎప్పుడూ నా గొంతు చాటున దాగి పాడే తొమ్మిదేళ్ల బాలిక ఆనాడు ఒంటరిగా పాడవలసి వచ్చింది. రిషభం తప్పింది. నేను పాడి దిద్దలేను గనుక వీణపై ఆ స్వరాన్ని రెండుసార్లు మీటి ఊరుకున్నాను. ఆ పిల్ల ఆగింది, కళ్లు మూసుకుని విన్నది, తనంత తానే రిషభాన్ని పట్టుకుంది. ఇన్నేళ్లూ వినే అవకాశం ఇవ్వకుండా పాడుతూ పోయానే అని సిగ్గుపడ్డాను. సంగీతం నా గొంతులో లేదు. నా గొంతు ఆగినా అది ఆగలేదు. నాకు విశ్వాసం కుదిరినది అక్కడే.

ఆ దినాలలో అన్నమాచార్యులవారు తరచుగా గుర్తుకు వచ్చేవారు. 1503లో ఆయన పరమపదించారు. ఆయన సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు తిరుమల ఆలయంలో శతాబ్దాలపాటు మరుగున ఉండి, 1922లో వెలుగులోకి వచ్చాయి. వాటిపై రాగాల పేర్లు ఉన్నాయి గాని స్వరాలు లేవు. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు పరిష్కరించి, రాళ్లపల్లివారు ఎన్నింటికో స్వరరచన చేసిన మీదట ఆ పాటలు మళ్లీ ఇంటింటా వినవచ్చాయి. అంతకాలం మూగవోయిన పాటే బ్రతికింది. నా కొద్ది నెలల మౌనం ఏపాటిది?

మన శాస్త్రాలు కూడా శరీరాన్ని విడిచి నాదాన్ని చెప్పలేదు. 13వ శతాబ్దంలో సంగీతరత్నాకరం రచించిన శార్ఙ్గదేవుడు ఆయుర్వేదం ఎరిగినవాడు. స్వరాలను వివరించడానికి ముందే దేహం ఏర్పడే తీరును వర్ణించాడు. సుశ్రుత సంహిత స్వరభేదాన్ని ఆరు విధాలుగా విభజించి, అతిగా బిగ్గరగా మాట్లాడటాన్ని దాని కారణాలలో చేర్చింది. గాయకులకు, ఉపాధ్యాయులకు ఇంతకంటే సూటియైన హెచ్చరిక ఏముంటుంది?

కాబట్టి నా అభిప్రాయం ఇది. సంగీతాన్ని మాత్రకు బదులుగా వాడవద్దు. శస్త్రచికిత్సకు ముందు కలిగే ఆందోళనను సంగీతం కొంత తగ్గించగలదని పరిశోధనలు చూపాయి. అది చిన్న మేలు కాదు. అంతమాత్రాన ఒక రాగాన్ని నమ్ముకుని రక్తపోటు మందు మానడం విశ్వాసం అనిపించుకోదు. అట్లే మూడు వారాలు దాటినా తగ్గని బొంగురును కషాయాలతో కప్పిపుచ్చక వైద్యునికి చూపించాలి. అతిమధురం అతిగా వాడితే రక్తపోటు పెరగవచ్చునన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇక తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలను వేదిక కోసం తొందరపెట్టకండి. సాయంకాలం దీపం పెట్టిన తరువాత పది నిమిషాలు శ్రుతిపెట్టె వేసి, ఇంటిల్లిపాదీ షడ్జమం, పంచమం, తారషడ్జమం నెమ్మదిగా పాడండి. గొంతు బాగులేనివారు కూర్చుని వినండి. బహుమతి రాకపోవచ్చు, జబ్బు తగ్గకపోవచ్చు. కాని రేపు కూడా ఇదే చోట కూర్చోవాలన్న కోరిక కలుగుతుంది. నా గొంతు తిరిగి వచ్చింది, మునుపటి బిగువు మాత్రం రాలేదు. ఇప్పుడు పాఠాలు తగ్గించాను, వినడం పెంచాను. నేటికీ ప్రతి ఉదయం పిల్లలు పాడిన తరువాతనే నేను పాడుతున్నాను.